మాత్రలు మింగడంతో పని ముగియదు

పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి ఒక సంగతి తెలుసు. గేదె ఈనిందని సంబరపడి ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు. మాయ పడిందా లేదా అని కాచుకుని కూర్చుంటారు. పడకపోతే తెల్లారేసరికి పశువుల డాక్టరుకి కబురు వెళుతుంది. మా నాన్న పెద్దగా చదువుకోలేదు గాని ఈ విషయంలో ఏనాడూ ఏమరలేదు. అదే మనిషి విషయం వచ్చేసరికి మా కుటుంబంలో అందరం మూడు వారాలు ఏమరిపోయాం. పోలిక మొరటుగా ఉంటే పాఠకులు మన్నించాలి.

మాది గుంటూరు జిల్లాలో మిరప పండించే పల్లె. నాకు వదిన వరసైన ఒకామెకి ఇద్దరు పిల్లలు. మూడోసారి నెల తప్పింది. డాక్టరు దగ్గరికి పోకుండా మందుల షాపులో మాత్రలు తెప్పించుకుని వేసుకుంది. రెండు రోజులు కాస్త మరక కనబడి ఆగిపోయింది. సంక్రాంతి సెలవులకి వెళ్ళిన నాతో "అయిపోయింది లే అమ్మాయ్" అంది. నేను జువాలజీ విద్యార్థినిని. హార్మోనుల పాఠం గడగడా అప్పజెప్పగలను. అయినా "ఎంత కనబడింది వదినా? వేవిళ్ళు తగ్గాయా?" అని అడగాలని నాకు తట్టలేదు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను.

గర్భం నిలబడటానికి ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఆధారం. మొదటి మాత్ర మిఫెప్రిస్టోన్ ఆ హార్మోను పనిని అడ్డుకుంటుంది. ఒకటి రెండు రోజుల తర్వాత వాడే మిసోప్రోస్టాల్ గర్భసంచిని ముడుచుకునేలా చేసి లోపలిదాన్ని బయటికి పంపుతుంది. మన దేశంలో ఈ పద్ధతిని ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కించి 9 వారాల లోపు, డాక్టరు సలహా మీదనే వాడాలి. సరిగా వాడితే నూటికి 95 మందికి పైగా పూర్తిగా పనిచేస్తుంది. మిగిలినవారిలో కొందరికి గర్భం అలాగే పెరుగుతుంది. కొందరికి పిండం పోయినా కొంత భాగం లోపల నిలిచిపోతుంది.

గుర్తుపట్టడం ఎలా? రెండో మందు వేసుకున్నాక 24 గంటల్లో రక్తస్రావం అసలు కాకపోయినా, మరకలాగా మాత్రమే కనబడినా అనుమానించాలి. వారం దాటినా వేవిళ్ళు, రొమ్ముల సలుపు తగ్గకపోతే గర్భం ఇంకా ఉందేమో చూపించుకోవాలి. రక్తస్రావం రెండు వారాలపాటు కొద్దికొద్దిగా కావడం మామూలే. మూత్ర పరీక్ష మాత్రం తొందరపడి చేసుకుంటే తికమక పెడుతుంది. గర్భం పోయినా ఆ హార్మోను తాలూకు ఛాయ నాలుగు వారాల వరకు కనబడవచ్చు.

కొన్ని లక్షణాలకి ఒక్క పూట కూడా ఆగకూడదు. గంటకి రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోవడం, 100.4 డిగ్రీల జ్వరం ఒక రోజు దాటినా తగ్గకపోవడం, చెడువాసనతో స్రావం, ఓర్చుకోలేని కడుపునొప్పి. కళ్ళు తిరిగి పడిపోవడం, భుజం నొప్పి ఉంటే గర్భం ట్యూబులో ఉండవచ్చు. ఈ మాత్రలు దానిమీద పనిచేయవు. అది ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఏ ఇబ్బందీ లేకపోయినా మొదటి మాత్ర నాటి నుంచి 15వ రోజున డాక్టరుకి చూపించుకోవడం పద్ధతి. అవసరమైతే స్కానింగ్ చేస్తారు. పని పూర్తి కాకపోతే మళ్ళీ మందు ఇస్తారు, లేదా చిన్న గొట్టంతో పీల్చి శుభ్రం చేస్తారు. సొంతంగా మళ్ళీ మాత్రలు కొనుక్కోవడం తప్పు. గర్భం నిలిచి ఉందని తెలిశాక "సరే, ఉంచేసుకుందాం" అనుకునేవారు కూడా డాక్టరుతో మాట్లాడాలి. ఈ మందు వల్ల బిడ్డకి అవయవ లోపాలు కలిగే ప్రమాదం ఉంది.

చాలామందిని ఆపేది నొప్పి కాదు, సిగ్గూ భయమూ. 1971 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం, అత్తగారి సంతకం అక్కరలేదు. 2021 సవరణ తర్వాత పెళ్ళి కాలేదన్నది కూడా అడ్డు కాదు. 18 ఏళ్ళ లోపువారికి సంరక్షకుల సమ్మతి కావాలి. చట్టం అధికారమిచ్చినవారికి తప్ప డాక్టరు ఆమె పేరు ఎవరికీ చెప్పకూడదు. షాపులో కొని వేసుకున్నా ఆ సంగతి దాచకుండా చెబితేనే వైద్యం సరిగా జరుగుతుంది.

మా వదిన వేవిళ్ళు తగ్గకపోవడం చూసి చివరికి అనుమానించింది మా అమ్మ. "మాయ పడకపోతే గేదెనైనా వదిలేస్తామా?" అని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. స్కానింగులో గర్భం పది వారాలకి పెరిగి ఉంది. డాక్టరమ్మ మందలించకుండా పని పూర్తిచేసి పంపింది. ఆ వేసవికే వదిన మిరప కోతల్లో ఉంది.

మిత్రులారా! హాస్టలు గదిలో గాని, ఇంట్లో గాని ఎవరైనా "అయిపోయింది" అంటే తీర్పు చెప్పకండి. నేను అడగని ఆ రెండు ప్రశ్నలు అడగండి. పదిహేనో రోజున తోడు వెళ్ళండి.