కాపరి లేని మందలు, గాలికి పోయిన మన్ను

అబ్రాము, లోతు విడిపోయిన సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. మందలు విస్తారమైనందున ఆ ప్రదేశము వారిద్దరికీ చాలలేదు. ఆదికాండము 13వ అధ్యాయము మీద ప్రసంగము వింటున్నప్పుడు మన దృష్టి లోతు ఎన్నుకున్న సొదొమ వైపే పోతుంది గాని, చాలకపోయిన ఆ నేలను గూర్చి ఆలోచించేవారు తక్కువ. ఒక నేల ఎంత మందను భరించగలదు? భరించలేనప్పుడు దానికి ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు ఐస్‌లాండు దేశములో కంటికి కనబడుతుంది.

ఐస్‌లాండు ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఒక ద్వీపము. తెలంగాణ రాష్ట్రముకంటె కొంచెము చిన్నది. జనము నాలుగు లక్షల లోపే. మన గుంటూరు, రాజమండ్రి ప్రాంతాలలోని అనేక సంఘాలవలె అక్కడి జాతీయ సంఘము కూడా లూథరను సంఘమే. గొఱ్ఱెల పెంపకము అక్కడివారి పితరులనాటి వృత్తి.

క్రీ.శ. 870 ప్రాంతములో నార్వే నుండి వలసవచ్చినవారు తమ గొఱ్ఱెలతో, పశువులతో అక్కడ దిగారు. అప్పటికి ఆ ద్వీపములో కనీసము నాలుగో వంతు బర్చ్ చెట్ల అడవి ఉండేదని పండితుల అంచనా. వంటచెరుకుకు, బొగ్గులకు చెట్లు నరికారు. నరికిన చోట మొలిచిన చిగుళ్లను గొఱ్ఱెలు మేశాయి. నేడు ఆ బర్చ్ అడవి నూటికి రెండు పాళ్లు కూడా లేదు.

చెట్టు పోతే పోయింది, మన్ను ఉన్నది గదా అనుకుంటాము. అక్కడే చిక్కు వచ్చింది. అది అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడిన నేల. ఆకులు, వేళ్లు కుళ్లి మన్నులో కలిసినదానిని అది గట్టిగా పట్టి ఉంచుకుంటుంది. పైగా చలిదేశము గనుక ఆ కుళ్లు త్వరగా హరించిపోదు. దీనినే మన భూసార పరీక్ష కార్డులలో సేంద్రియ కర్బనము అని వ్రాస్తారు. మన పొలాలలో అది నూటికి అర పాలు లోపు ఉంటే తక్కువ అనీ, ముప్పాతిక పాలు దాటితే ఎక్కువ అనీ లెక్క. ఐస్‌లాండులో పచ్చిక చెడని నేలలో 12 పాళ్ల వరకు ఉంటుంది! మన ఎండకు అంత నిలువదు గనుక రెంటినీ పోల్చి మనము నొచ్చుకోనక్కరలేదు. అయితే అదే ఐస్‌లాండులో పచ్చిక పోయి బీడుపడిన చోట ఒకటిన్నర పాలు కూడా మిగలలేదు.

ఇది ఎలా జరిగింది? గొఱ్ఱె గడ్డిని మొదలంటా కొరికినప్పుడు పైన ఆకు తగ్గుతుంది. ఆకు తగ్గితే వేరు కుంచించుకుపోతుంది. మన్నులోనికి చేరే కర్బనము తగ్గుతుంది. పచ్చికలో చిన్న చిన్న బోడి మచ్చలు పడతాయి. శీతాకాలములో ఆ మచ్చలలోని తడి గడ్డకట్టి మన్నును పైకి లేపుతుంది. తేలిక బూడిద మన్ను గాలికి లేచిపోతుంది. ఇప్పటికీ అక్కడ గులకరాళ్ల మైదానము మధ్య నిలువెత్తు మన్ను దిబ్బలు నిలిచి ఉంటాయి, నెత్తిమీద కాస్త పచ్చగడ్డితో. ఒకప్పటి నేలమట్టము ఆ దిబ్బ తలయే.

1882 వసంతకాలములో దక్షిణ ప్రాంతమున ఇసుక తుఫానులు చెలరేగి ఎన్నో కాపురాలను పాడుచేశాయి. 1907లో అక్కడి ప్రభుత్వము నేల కాపుదలకై ఒక చట్టము చేసి, దానికొక శాఖను పెట్టింది. లోకములో ఇటువంటి శాఖలలో ఇది మిక్కిలి పాతవాటిలో ఒకటి. ఇసుకలో మునిగి విడిచిపెట్టబడిన గున్నార్స్‌హోల్ట్ అనే పొలమే తరువాత ఆ శాఖకు ముఖ్యస్థానమైంది. ఇసుకలో వేరుపట్టే గడ్డి విత్తనాలు చల్లి, కంచెలు వేసి, ఆ పొలాన్ని మళ్లీ పచ్చగా చేశారు.

ఇందులో గొఱ్ఱెను నిందించడము న్యాయము కాదని మా అభిప్రాయము. మితముగా మేపి, గడ్డి తేరుకోవడానికి గడువిచ్చిన పల్లపు పచ్చికలు అక్కడ నేటికీ బాగానే ఉన్నాయి. చిక్కంతా ఎత్తు భూములలో. అవి ఉమ్మడి మేత బీళ్లు. వేసవిలో గొఱ్ఱెలను అక్కడికి తోలి వదిలేస్తారు. కాపరి ఉండడు. సెప్టెంబరులో గుఱ్ఱాలెక్కి వెళ్లి, అన్నిటినీ దొడ్డికి తోలుకొచ్చి, చెవి గుర్తును బట్టి ఎవరివి వారు వేరుచేసుకుంటారు. మంచి కాపరి ఉపమానము వినే అక్కడి పిల్లలు వేసవిలో చూసేది కాపరి లేని మందలనే! ఉమ్మడి బీడు గనుక నా గొఱ్ఱెలు తగ్గిస్తే పక్కవాని గొఱ్ఱెలు మేస్తాయన్న లెక్క ప్రతివానికీ ఉంటుంది. యెహెజ్కేలు 34వ అధ్యాయములో ప్రభువు కాపరులనే గాక మందను కూడా అడుగుతాడు, మేసినది చాలక మిగిలిన మేతను ఎందుకు త్రొక్కుతున్నారని. ఉమ్మడి బీడున్న ఏ ఊరివారికైనా ఆ ప్రశ్న అర్థమవుతుంది.

1970 దశకము చివరికి అక్కడి గొఱ్ఱెలు సుమారు 9 లక్షలకు పెరిగాయి. 1997లో దేశమంతా కొలిచి చూస్తే, నూటికి 40 పాళ్ల నేల గట్టిగా కోతపడుతున్నదని తేలింది. ఆ పని చేసిన ఓలాఫుర్ ఆర్నాల్డ్స్ బృందానికి 1998లో నార్డిక్ దేశాల పర్యావరణ బహుమతి వచ్చింది. ఇప్పుడు గొఱ్ఱెలు 4 లక్షలకు లోపే.

మాకు ఎక్కువ సంతోషము కలిగించినది 1990లో మొదలైన మరొక పని. రైతులు నేలను బాగుచేస్తారు అని దాని పేరుకు అర్థము. వందలాది రైతులు తమ బోడి నేలలలో పాత ఎండుగడ్డి, పేడ పరచి, ఎరువు చల్లి పచ్చిక పట్టిస్తున్నారు. చేలో మంద పెట్టించుకునే మన రైతుకు ఈ పని వేరుగా వివరించనక్కరలేదు. అలా బాగుచేసిన నేల హెక్టారుకు ఏటా అర టన్నుకు కొంచెము పైగా కర్బనము కూడగట్టుకుంటుందని వారి లెక్క. గాలికి పోయిన మన్ను మాత్రము వేలాది సంవత్సరాలకు ఏర్పడినది.

తీరని తగవు ఒకటి ఉన్నది. పచ్చిక దాదాపు లేని కొన్ని ఎత్తు భూములకు సహితము ప్రతి వేసవిలో గొఱ్ఱెలు వెళ్తూనే ఉన్నాయి. వాటిని ఆపాలని మట్టి శాస్త్రజ్ఞులు అంటారు. తాతలనాటి మేత హక్కు పోతే తమ బ్రతుకేమిటని రైతులు అడుగుతారు. కొన్ని లోయలవారు కంచె వేసుకొని మందలను క్రిందనే మేపుకోవడానికి ఒప్పుకున్నారు, మరికొందరు ఇంకా ఒప్పుకోలేదు.