ఉప్పెన ఎత్తును కొలుచుట యెట్లు?

ఉప్పెన కొన్ని గంటలలో వచ్చి పోవును. తీరమునందలి కొలత యంత్రములు పెక్కుమార్లు ఆ నీటికే కొట్టుకొనిపోవును. అయినను ‘ఇన్ని మీటర్ల ఉప్పెన వచ్చినది’ అని శాస్త్రజ్ఞులు చెప్పుచుందురు. ఈ లెక్క వారికెట్లు దొరకును?

2013వ సంవత్సరము నవంబరు 8వ తేదీన హైయాన్ అను తుపాను ఫిలిప్పీను ద్వీపములను తాకెను. 6,300 మంది మరణించిరి. లోతు తక్కువైన అఖాతపు కొసనున్న టాక్లోబన్ నగరము మిక్కిలి దెబ్బతినెను. తుపాను నడుమ వాయుపీడనము 100 హెక్టోపాస్కలులు తగ్గినచో సముద్రము లేచునది సుమారు 1 మీటరు మాత్రమే. మిగిలినదంతయు గాలి పని. అది నీటిని కొసకు త్రోసి పోగుచేయును.

హెచ్చరిక ముందుగనే వచ్చినది. కాని అందలి ఆంగ్లపదము చాలమందికి బోధపడలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన నీటికి మనవారు వాడిన ‘ఉప్పెన’ వంటి యింటిమాట వారికి ఆనాడు చెవిని పడలేదు. తలదాచుకొనిన కొన్ని కట్టడములలోనికి గూడ నీరు వచ్చెను. ఏ అంతస్తు సురక్షితమో తెలియవలెనన్న, నీటి ఎత్తు తెలియవలెను.

జపాను, ఫిలిప్పీను ఇంజనీర్లు కొలది వారములలోనే అచటికి పోయిరి. ఆలస్యమైనచో వాన గోడమీది బురదచారను కడిగివేయును. ఇంటివారు సున్నము వేయుదురు. మూసిన గదిలోని చార నమ్మదగినది, ఏలయన అచట నీరు నిలకడగా నుండును. వెలుపలి చెట్టుకొమ్మలకు చిక్కిన గడ్డి, గుడ్డపేలికలు అల ఎగసిన ఎత్తును గూడ కలుపుకొని చూపును. గుర్తులు లేనిచోట బ్రతికినవారినే అడుగుదురు: “ఏ మెట్టుపై నిలిచితిరి? నీరెంతవరకు వచ్చెను?” వారు చేయి చూపినచోట కొలబద్ద నిలుపుదురు. అయినవారిని పోగొట్టుకొనినవారిని ఇట్లడుగుట యంత్రము పట్టుటకంటె కష్టమని నా తలంపు.

నేలనుండి గుర్తువరకు గలది ముంపు లోతు. సముద్రమట్టమునుండి గలది ముంపు ఎత్తు. మెరకమీది మోకాటిలోతు నీరును, పల్లమందలి నిలువులోతు నీరును ఒకే ఉప్పెన కావచ్చును. కావున ఊరికి ఊరికి పోల్చుటకు ఎత్తే కావలెను. కొలుచునాటి సముద్రమట్టము ఉప్పెననాటిది కాదు గనుక, ఆటుపోటుల లెక్క చూచి తేడాను సవరింతురు. ఇట్లు కొలువగా టాక్లోబన్ పరిసరములలో కొన్నిచోట్ల 6 మీటర్లు, అనగా సుమారు మూడున్నర నిలువులు, తేలినది.

సమర్ ద్వీపపు తూర్పుతీరమున హెర్నాని యను ఊరున్నది. ఎదుట లోతైన మహాసముద్రము. అట్టిచోట గాలి నీటిని అంతగా పోగుచేయజాలదు. పైగా ఊరికి పగడపుదిబ్బ అడ్డుగా నున్నది. అయినను నీరు గోడవలె వచ్చి ఒక ఇంటిని క్షణములలో ఊడ్చుకొనిపోవుట చలనచిత్రమున నమోదైనది. పెద్ద అలలు, చిన్న అలలు గుంపులుగా వచ్చి దిబ్బపై విరిగినపుడు, వాటివలన నిడుపాటి అల యొకటి పుట్టి తీరముపై బడెనని 2015లో ప్రకటించిన పరిశోధన తెలిపినది. మామూలు అలలనుండి ఊరిని కాచుచుండిన దిబ్బయే ఆనాడు ఆ అలకు కారణమాయెను.