వేబ్రిడ్జి చీటీ మీది చుక్కల అక్షరం.. ఇప్పుడు ఫ్యాషన్ ఫాంట్

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి ట్రాక్టరు కాటా ఎక్కిందంటే చాలాచోట్ల ఒక చప్పుడు వినాల్సిందే. కర్ర్ర్.. కర్ర్ర్ అంటూ చీటీ బయటికి వస్తుంది. అది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. ఊళ్లో ఆఫీసులు దాన్ని ఎప్పుడో అటకెక్కించాయి. జిన్నింగ్ మిల్లు, కోల్డ్ స్టోరేజీ, వేబ్రిడ్జి మాత్రం వదల్లేదు.

కారణం సింపుల్. ఈ ప్రింటర్ తలలో 9 సన్నటి పిన్నులు నిలువు వరసలో ఉంటాయి. అవి సిరా రిబ్బన్‌ను కాగితంపైకి కొడతాయి. దెబ్బ పడుతుంది కాబట్టి కింద కార్బన్ కాగితాల మీద కూడా అక్షరం దిగుతుంది. అసలు ఒకరికి, నకలు ఇంకొకరికి ఒకేసారి వచ్చేస్తాయి. వేడికి నల్లబడటం, నాలుగు నెలలకే తెల్లబోవడం వంటి థర్మల్ చీటీ బాధలు దీనికి లేవు.

ఇంగ్లిష్ పెద్దక్షరానికి అడ్డం 5, నిలువు 7 చుక్కలు చాలు. అంకెలకూ అంతే. తిరకాసు ఇక్కడే ఉంది. 8కీ 0కీ తేడా నడుమ వరసలోని చుక్కలే. ఆ వరస కొట్టే పిన్ను విరిగిందనుకోండి, రెండూ ఒకేలా పడతాయి. నికర బరువు 1,880 కిలోలు కాస్తా 1,080లా కనిపిస్తుంది. అంటే 8 క్వింటాళ్లు! 2025-26 పొడవు పింజ పత్తి మద్దతు ధర రూ.8,110 లెక్కన చూస్తే రూ.64,880. ప్రతి లైనులో ఒకే ఎత్తులో తెల్లచార కనిపిస్తే పిన్ను పోయిందని అర్థం.

ఇప్పుడు ఈ చుక్కల రూపమే పాత జ్ఞాపకంగా ఫ్యాషనైంది. నథింగ్ కంపెనీ ఫోన్ల మీద కనిపించేది అలాంటి అక్షరమే. గూగుల్ ఫాంట్స్‌లో 'డోటో' పేరుతో ఒకటి ఉచితంగా దొరుకుతుంది. పోస్టరు, షాపు బోర్డు, వీడియో టైటిల్.. నాలుగు మాటలున్న చోట ఇది బాగుంటుంది. పేరా మొత్తం దాంతో వేస్తే కళ్లు లాగుతాయి.

మరి తెలుగులో? 'మిర్చి' అనే మాటే తీసుకోండి. పైన గుడి, మధ్యలో ర, కింద చ వత్తు. ఏడు వరసల్లో ఇరికిస్తే మిగిలేది మసే. అంతకంటే ఎక్కువ వరసలు కావాలి. ఉర్దూది ఇంకో తంటా. నస్తలీఖ్ పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతుంది. బే, పే, తేలకు ఒంటి రూపం ఒక్కటే, తేడా అంతా నుఖ్తాల్లోనే. అక్షరమే చుక్కలైతే నుఖ్తాను ఎక్కడ వెతుకుతారు? అందుకే ఈ మోజు ఇంకా ఎక్కువగా ఇంగ్లిష్‌కే. రైతు చీటీ కూడా ఇంగ్లిష్‌లోనే మిగిలింది.

ఇంకో సంగతి. ఫాంట్ ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కనుక చుక్కలు కనిపించినంత మాత్రాన చీటీ అసలుదని నమ్మకూడదు. వెనక్కి తిప్పి వేలితో తడమండి. పిన్నుల దెబ్బకు కాగితం గరుగ్గా తగులుతుంది. ఇంక్‌జెట్‌తో వేసింది నున్నగా ఉంటుంది. అయినా అనుమానం ఉంటే మిల్లు దగ్గరున్న కార్బన్ కాపీ అడిగి పక్కన పెట్టి చూడాలి. ట్రాక్టరు కాటా దిగకముందే గ్రాస్‌లోంచి టేర్ తీసేసి నెట్ సరిపోయిందో లేదో లెక్క చూసుకుంటే, 8 కాస్తా 0 అయినా అక్కడే బయటపడుతుంది.