గౌరవాన్ని గొంతెత్తి అడిగిన గాయని అరెథా ఫ్రాంక్లిన్

వార్షికోత్సవం దగ్గర పడుతోందంటే మన హాస్టల్లో పాటల రిహార్సల్స్ మొదలవుతాయి. ఒక అక్క పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళంతా కోరస్ అందుకుంటారు. అమెరికాలో ఒక నల్లజాతి గాయని కూడా ఇలాగే, తన అక్కా చెల్లెలూ కోరస్ అందుకోగా, ఒక పాట పాడారు. ఆ పాట పేరు ‘రెస్పెక్ట్’, అంటే గౌరవం. పాడినవారు అరెథా ఫ్రాంక్లిన్. ఆమెను ‘సోల్ సంగీత మహారాణి’ అంటారు.

సోల్ అంటే ఆత్మ. నల్లజాతివారి చర్చిల్లో పాడే గోస్పెల్ భక్తిగీతాలూ, బయట పాడుకునే రిథమ్ అండ్ బ్లూస్ పాటలూ కలిసి 1950లలో ఈ సంగీతం రూపుదిద్దుకుంది. ఇందులో శ్రుతి తప్పకుండా పాడితే చాలదు. పాడేవారి బాధ, కోపం, ఆశ గొంతులో వినపడాలి. ఒకరు పాడితే మిగిలినవారు బదులు పలకడం దీని ముఖ్య లక్షణం. మన బుర్రకథలో కథకుడికి వంతలు బదులిచ్చినట్టన్నమాట.

అరెథా 1942 మార్చి 25న మెంఫిస్ నగరంలో పుట్టారు, డెట్రాయిట్‌లో పెరిగారు. తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ పేరున్న పాస్టర్. ఆమెకు ఆరేళ్ళప్పుడు తల్లిదండ్రులు విడిపోయారు. పదేళ్ళు నిండకముందే తల్లి చనిపోయారు. ఆ చిన్న వయసులోనే అరెథా తండ్రి చర్చిలో పాడటం మొదలుపెట్టారు. పియానోను విని నేర్చుకున్నారు. 1960లో కొలంబియా రికార్డ్స్‌లో చేరి ఆరేళ్ళు పాడినా తగిన పేరు రాలేదు. అట్లాంటిక్ కంపెనీకి మారాక నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను పియానో ముందు కూర్చోబెట్టి, చర్చిలో పాడినట్టే పాడమని ప్రోత్సహించారు. అప్పుడు ఆమె అసలు గొంతు లోకానికి వినిపించింది.

‘రెస్పెక్ట్’ నిజానికి ఓటిస్ రెడ్డింగ్ అనే గాయకుడు రాసి, 1965లో పాడిన పాట. అందులో సంపాదించి తెచ్చే మగవాడు ఇంటికి రాగానే భార్య తనకు మర్యాద ఇవ్వాలని అడుగుతాడు. 1967 ఫిబ్రవరి 14న అరెథా అదే పాటను స్త్రీ వైపు నుంచి పాడారు. ఈమె చేతిలోనూ డబ్బుంది. ఈమె బతిమాలడం లేదు, తనకు రావలసింది అడుగుతోంది. గౌరవం అన్న ఆ ఇంగ్లీషు మాటలోని ఏడు అక్షరాలనూ విడదీసి పలకడం అరెథా చేర్చినదే. ఆ జూన్‌లో పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. స్త్రీలూ, పౌరహక్కుల కోసం పోరాడుతున్న నల్లజాతివారూ దాన్ని తమ పాటగా చేసుకున్నారు.

ఆమె తండ్రి మార్టిన్ లూథర్ కింగ్‌కు మిత్రుడు. కింగ్ 1959లో మన దేశానికి వచ్చినప్పుడు కేరళలో దళిత విద్యార్థులు చదివే ఒక బడికి వెళ్ళారు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పరిచయం చేశారట. మొదట మనసు నొచ్చుకున్నా, ఆలోచించాక అది నిజమేనని తోచిందని కింగ్ 1965లో ఒక ప్రసంగంలో చెప్పారు. మనం ఆత్మగౌరవం అనే మాటకూ అరెథా పాటకూ చుట్టరికం అక్కడుంది.

గౌరవం అంటే చప్పట్లు మాత్రమే కాదని ఆమెకు తెలుసు. ‘రెస్పెక్ట్’ అమెరికా రేడియోలో మోగినప్పుడల్లా రాయల్టీ రాసినవారికే వెళ్ళింది, పాడిన ఆమెకు రాలేదు. అందుకేనేమో, కచేరీకి డబ్బు ముందే చేతికి తీసుకుని, ఆ హ్యాండ్‌బ్యాగును స్టేజి మీద కూడా కళ్ళ ముందే పెట్టుకునేవారు. తన కోసం మాత్రమే దాచుకోలేదు. 1970లో ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ అరెస్టయినప్పుడు జామీను కడతానని ముందుకొచ్చారు. తన డబ్బు నల్లజాతి ప్రజలవల్లే వచ్చింది కాబట్టి వారికే ఉపయోగపడాలన్నారు.

1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందిన తొలి మహిళ ఆమే. 18 గ్రామీలు గెలుచుకున్నారు. 2009లో ఒబామా ప్రమాణ స్వీకారంలో పాడారు. 2018 ఆగస్టు 16న క్యాన్సర్‌తో 76 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

చెల్లెళ్ళారా! నేను కాలేజీలో చేరిన కొత్తలో నన్ను పేరుతో కాక ‘హాస్టల్ పిల్ల’ అని పిలిచేవారు. తలవంచుకుని పలికేదాన్ని. “నా పేరు పెట్టి పిలవండి” అనడానికి నాకు ఏడాది పట్టింది. అన్నాక ఎవరూ మళ్ళీ అలా పిలవలేదు. మీకు అంతకాలం పట్టకూడదు. ఈసారి వార్షికోత్సవంలో కోరస్ వరుసలో నిలబడేవాళ్ళు కూడా గొంతు దాచుకోకుండా పాడండి.

– ఒక పూర్వ విద్యార్థిని