లాప్‌టాప్ సౌండ్ సరిపోవట్లేదా? స్పీకర్లు కొనే ముందు ఇవి ట్రై చేయండి

కంపెనీ కొత్త లాప్‌టాప్ ఇచ్చాక, బీటెక్‌లో వాడిన నా పాత లాప్‌టాప్‌ని ఇంట్లో నాన్నకి ఇచ్చేశాను. పాత సినిమాలు, భక్తి ప్రసంగాలు, వార్తలు... రిటైర్ అయ్యాక ఆయనకి అదే కాలక్షేపం. నెల తిరగకుండానే ఫోన్ వచ్చింది. "ఒరే, దీంట్లో సౌండ్ లేదురా. పాటలు వినపడుతున్నాయి, మాటలు వినపడట్లేదు."

స్పీకర్లు పోయాయేమో అనుకున్నాను. రెండు వేలు పక్కన పెట్టుకుని ఊరికి వెళ్లాను. తీరా చూస్తే సగం పని పైసా ఖర్చు లేకుండానే అయిపోయింది. మిగతా సగంలో మాత్రం ఒక తప్పు చేశాను. అసలు విషయం ఇంకోటి ఉందని చివర్లో తెలిసింది. అన్నీ వరుసగా చెప్తాను, మీకు ఏది అవసరమో అది తీసుకోండి.

ముందు లాప్‌టాప్ ఎక్కడ పెట్టారో చూడండి

మామూలు లాప్‌టాప్‌లో ఉండేవి ఒక్కోటి రెండు వాట్ల చిన్న స్పీకర్లు రెండే. చాలా మోడల్స్‌లో అవి అడుగు భాగంలో, కిందకి చూస్తూ ఉంటాయి. సౌండ్ బల్లకి తగిలి మన వైపు రావాలని అలా డిజైన్ చేస్తారు. మా నాన్న దాన్ని మంచం మీద, దుప్పటి మీద పెట్టుకుని చూస్తున్నారు. అంటే స్పీకర్ నోరు మూసేసినట్టే!

గట్టి బల్ల మీదకి మార్చగానే తేడా తెలిసింది. వెనక వైపు కింద ఒక పుస్తకం పెట్టి కాస్త ఎత్తితే ఇంకొంచెం క్లియర్ అయింది. గాలి ఆడుతుంది కాబట్టి వేడి కూడా తగ్గుతుంది. స్పీకర్ జాలీలో దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్‌తో దులపండి, పిన్నుతో మాత్రం పొడవకండి.

పాటలు వస్తాయి, మాటలు రావు. ఎందుకని?

దీనికి రెండు కారణాలు. మొదటిది, కొత్త సినిమాలు చాలావరకు 5.1 సౌండ్‌తో వస్తాయి. అందులో డైలాగులు ఎక్కువగా మధ్య ఛానెల్‌లో ఉంటాయి. లాప్‌టాప్‌లో ఆ మధ్య స్పీకర్ లేదు కదా, అన్నీ కలిపి రెండు స్పీకర్లలోకి కుక్కేసరికి డైలాగు అడుగున పడిపోతుంది. మీ దగ్గర ఫైల్ ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడియో మెనూ, ఆడియో ట్రాక్‌లోకి వెళ్లి స్టీరియో ట్రాక్ ఉందేమో చూడండి. ఉంటే అదే పెట్టుకోండి.

రెండోది, ఫైట్ సీన్‌కి, గుసగుసకి మధ్య ఉన్న వాల్యూమ్ తేడా. దీనికి విండోస్‌లోనే మందు ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ ఓపెన్ చేసి, ప్లేబ్యాక్‌లో మీ స్పీకర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్. అక్కడ 'లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్' టిక్ చేయండి. చిన్న శబ్దాలని పెంచి పెద్ద శబ్దాలని అదుపులో పెడుతుంది. సంగీతానికి అంత బాగోదు కానీ మాటలకి మాత్రం సూపర్. కొన్ని లాప్‌టాప్‌ల ఆడియో డ్రైవర్‌లో ఈ ట్యాబ్ కనిపించదు. అప్పుడు వీఎల్‌సీలో టూల్స్, ఎఫెక్ట్స్ అండ్ ఫిల్టర్స్‌లో ఉన్న కంప్రెసర్ ఆన్ చేస్తే దాదాపు అదే పని చేస్తుంది.

ఇంకో చిన్న చిక్కు. వీడియో కాల్ మాట్లాడేటప్పుడు మిగతా సౌండ్ అంతా పడిపోతుందా? అదే సౌండ్ విండోలో కమ్యూనికేషన్స్ ట్యాబ్ చూడండి. కాల్ వస్తే మిగతావాటిని 80 శాతం తగ్గించమని మామూలుగా సెట్ అయి ఉంటుంది. 'డూ నథింగ్' పెట్టేయండి.

ఈక్వలైజర్: ఫ్రీ, కానీ జాగ్రత్తగా

ఈక్వలైజర్ ఏపీఓ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. వాడటం సులువు కావడానికి దాని మీద పీస్ అనే ఇంటర్‌ఫేస్ కూడా వేసుకోవచ్చు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఏ స్పీకర్‌కి వర్తించాలో అడుగుతుంది, సరిగ్గా ఎంచుకుని ఒకసారి రీస్టార్ట్ చేయాలి.

అందరూ చేసే తప్పు బేస్ పెంచేయడం. ఆ చిన్న స్పీకర్ ఎంత కొట్టుకున్నా బేస్ ఇవ్వలేదు, గరగరలాడుతుంది అంతే. నేను రివర్స్‌లో చేశాను. 150 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గించేశాను. మాటల్లో స, శ, త, క లాంటి హల్లులు స్పష్టంగా వినపడాలంటే ముఖ్యమైన 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 4 డెసిబుల్స్ పెంచాను. పెంచినంతా ప్రీ యాంప్‌లో తగ్గించాలి, అంటే మైనస్ 4. లేకపోతే సౌండ్ పగిలిపోతుంది.

మీ లాప్‌టాప్‌లో డాల్బీ లాంటి యాప్ ముందే ఉంటే రెండూ ఒకేసారి పెట్టకండి. ఏదో ఒకటి ఆఫ్ చేయండి.

ఇక్కడి వరకు ఖర్చు సున్నా. నాన్న పక్కన కూర్చుని ఒక పాత సినిమా పెట్టాను. "ఇప్పుడు పర్లేదు" అన్నారు కానీ ముఖం ఇంకా స్క్రీన్ వైపే వంగి ఉంది.

నేను చేసిన 700 రూపాయల తప్పు

సరే అని బజారుకెళ్లి ఒక షాపులో యూఎస్‌బీ స్పీకర్లు కొన్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 20 వాట్స్ అని ఉంది. ఇంజినీరింగ్ చదివి కూడా అక్కడ లెక్క వేయలేదు!

లెక్క చాలా సింపుల్. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, 500 మిల్లీ యాంపులు. అంటే రెండున్నర వాట్లు. యూఎస్‌బీ 3.0 అయితే 900 మిల్లీ యాంపులు, నాలుగున్నర వాట్లు. పోర్టు నుంచే కరెంటు తీసుకునే స్పీకరు 20 వాట్లు ఎక్కడి నుంచి తెస్తుంది? ఇలాంటి అంకెలు పీఎంపీఓ పేరుతో రాసే బిల్డప్పులు. ఆర్ఎంఎస్ వాట్స్ ఎంతో అది మాత్రమే చూడండి. ఇంకోటి, వాట్స్ రెండింతలైతే సౌండ్ పెరిగేది 3 డెసిబుల్సే. మన చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబుల్స్ కావాలి. అందుకే వాట్స్ కన్నా స్పీకర్ క్వాలిటీ ముఖ్యం.

దానికి తోడు చార్జర్ పెట్టగానే 'జుయ్'మని శబ్దం. మీకూ ఇలా వస్తే చార్జర్ తీసి చూడండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్. ఆడియోకి 3.5 ఎంఎం వైరు, కరెంటుకి యూఎస్‌బీ రెండూ ఒకే లాప్‌టాప్‌కి పెట్టినప్పుడు ఇది రావచ్చు. స్పీకర్ పవర్‌ని వేరే మొబైల్ చార్జర్‌కి మార్చి చూడండి. తగ్గకపోతే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న వస్తువు దొరుకుతుంది. మా ఇంట్లో మొబైల్ చార్జర్‌తోనే పోయింది, కానీ సౌండ్ మాత్రం డబ్బాలో రాయి వేసి ఊపినట్టే ఉంది. షాపు వాళ్లు వెనక్కి తీసుకోలేదు.

మీరు కొంటే క్రియేటివ్ పెబుల్ లాంటివి చూడండి. దాని మీద 4.4 వాట్స్ ఆర్ఎంఎస్ అని నిజాయితీగా రాసి ఉంటుంది. స్పీకర్లు 45 డిగ్రీల కోణంలో పైకి చూస్తాయి కాబట్టి బల్ల మీద పెట్టినా సౌండ్ నేరుగా చెవి వైపు వస్తుంది. ధర సేల్‌ని బట్టి మారుతుంది, ఆగి కొనుక్కోండి.

బ్లూటూత్ మాటేంటి?

ఇంట్లో బ్లూటూత్ స్పీకర్ ఉంటే వేరేది కొనక్కర్లేదు. పెదాలకీ మాటకీ పొంతన కుదరకపోతే వీఎల్‌సీలో జే నొక్కండి, ఒక్కోసారికి 50 మిల్లీ సెకన్లు సౌండ్ ముందుకి వస్తుంది. కే నొక్కితే వెనక్కి పోతుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో మీటింగ్‌లో సౌండ్ చెత్తగా వస్తోందంటే తప్పు హెడ్‌సెట్‌ది కాకపోవచ్చు. దాని మైక్ ఆన్ అవ్వగానే చాలా హెడ్‌సెట్లు తక్కువ క్వాలిటీ కాల్ మోడ్‌లోకి పోతాయి. మైక్‌గా లాప్‌టాప్‌దే ఎంచుకోండి, సరిపోతుంది.

అసలు విషయం

రాత్రి అమ్మ పడుకుంటుందని నా వైర్డ్ ఇయర్‌ఫోన్స్ ఇచ్చాను. తక్కువ బడ్జెట్‌లో సౌండ్ బాగుపడాలంటే నిజానికి ఇంతకన్నా మంచి దారి లేదు. అయిదారు వందల ఇయర్‌ఫోన్స్ కూడా లాప్‌టాప్ స్పీకర్ల కన్నా చాలా నయం.

నాన్న కుడి చెవిలో మాత్రమే పెట్టుకున్నారు. రెండోది మెడ మీద వేలాడుతోంది.

"అదెందుకు పెట్టుకోలేదు నాన్నా?"

"ఆ చెవి ఎప్పట్నుంచో అంతేలేరా."

అప్పటిదాకా నేను లాప్‌టాప్‌కి వైద్యం చేస్తున్నాను.

ఇలాంటి వాళ్ల కోసం విండోస్‌లో మోనో ఆడియో అని ఒక ఆప్షన్ ఉంది. విండోస్ 11 అయితే సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, ఆడియో. విండోస్ 10 అయితే ఈజ్ ఆఫ్ యాక్సెస్, ఆడియో. అది ఆన్ చేస్తే కుడి, ఎడమ రెండు ఛానెల్స్ కలిసి రెండు వైపులా ఒకేలా వస్తాయి. ఒక్క చెవితో విన్నా ఏదీ పోదు. ఆన్ చేశాక కాసేపటికి ఆయన వెనక్కి జారి దిండుకి ఆనుకుని కూర్చున్నారు. నేను వెళ్లిన రెండు రోజుల్లో ఆయన వంగకుండా సినిమా చూడటం అదే మొదటిసారి.

మర్నాడు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఆడియోమెట్రీ చేయించాను. రెండు చెవుల్లో పై స్థాయి శబ్దాలు తగ్గాయి, ఎడమ చెవిలో మరీ ఎక్కువ. వయసుతో ముందు తగ్గేది అవేనట. పాటలు వినపడి మాటలు వినపడకపోవడానికి అదీ ఒక కారణమే. వినికిడి మెషిన్ పెట్టుకోవడానికి ఆయన ఇంకా ఒప్పుకోలేదు, నేను అడగడం మానలేదు.

మొత్తంగా చెప్పాలంటే

- సున్నా రూపాయలు: గట్టి బల్ల, లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్, ఈక్వలైజర్, అవసరమైతే మోనో ఆడియో.
- వెయ్యి లోపు: మంచి వైర్డ్ ఇయర్‌ఫోన్స్. ఈ ధరలో స్పీకర్ల జోలికి పోకండి.
- రెండు మూడు వేలు: ఆర్ఎంఎస్ వాట్స్ రాసి ఉన్న రెండు స్పీకర్ల సెట్.

ఇవన్నీ చేశాక కూడా ఇంట్లో పెద్దవాళ్లు "మాటలు వినపడట్లేదు" అంటే ఇంకో స్పీకర్ కొనకండి. ముందు చెవి పరీక్ష చేయించండి.