చేమల మడుగులోని డోడో పక్షి

పందొమ్మిదవ శతాబ్దమున మన కోరంగి రేవునుండి ఎందరో తెలుగువారు చెరకుతోటల పనికై మారిషస్ ద్వీపమునకు వెళ్ళిరి. ఆ ద్వీపపు ఆగ్నేయమున ‘మార్ ఓ సోంజ్’ అను చిత్తడినేల కలదు. చేమల మడుగని దాని అర్థము.

పూర్వమచ్చట డోడో అను పక్షి యుండెడిది. అది పావురముల కుటుంబమునకు చెందినదే. కాని మిక్కిలి పెద్దది, ఎగురలేనిది. 1598లో డచ్చివారు దిగిన పిదప అడవులు తరిగెను. ఓడలపై వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు దాని గ్రుడ్లను తినివేసెను. సుమారు నూరేండ్లలో ఆ జాతియే అంతరించెను.

1865లో ఈ మడుగు మట్టిని త్రవ్వుచున్న కూలీలకు ఎముకలు కనబడెను. రైల్వే ఇంజనీరు హిగ్గిన్సన్ ఆ సంగతిని ఉపాధ్యాయుడగు జార్జి క్లార్కునకు తెలిపెను. క్లార్కు పంపిన కూలీలు నీట దిగి, పాదములతో బురదను తడవి డోడో ఎముకలను వెలికితీసిరి. తరువాత మలేరియా నివారణకై మడుగును రాళ్ళతో పూడ్చిరి. 2005లో మరల త్రవ్వగా, సుమారు నాలుగువేల యేండ్లనాటి ఎముకలు చెడక దొరకెను. గాలి చొరని తడిమట్టియే వానిని కాపాడెను.

పంచాయతీ సభ్యులారా! చెరువు పూడిక తీయించునప్పుడు మీ గ్రామమునను ఇట్టివి బయల్పడవచ్చును. వింత ఎముకలు, రాయిగా మారిన అవశేషములు కనబడినచో పగులగొట్టనీయక, ఉన్నచోటనే ఉంచి, తహసీలుదారునకు వెంటనే తెలుపుడు. కూలి చూచిన ఎముకయే కదా శాస్త్రమునకు డోడోను మరల చూపినది!