చేపలు పట్టే పిల్లమ్మ!

చేపలు తెచ్చిన రోజున మన ఇంటి పిల్లి చేసే హడావుడి అంతా ఇంతా కాదు కదూ! కత్తిపీట ముందు నుంచి కదలదు. అదే పిల్లి మీద కాసిని నీళ్లు చిలకరించండి, ఒక్క గంతులో గోడెక్కేస్తుంది. చేప కావాలి గానీ తడవడానికి మాత్రం ససేమిరా!

కానీ నీళ్లలోకి దిగి, ఈదుకుంటూ వెళ్లి, తన చేపను తానే పట్టుకునే పిల్లి కూడా ఉందండీ. అదే నీటిపిల్లి. ఇంగ్లీషులో ఫిషింగ్ క్యాట్ అంటారు. ఎక్కడో కాదు, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లోనూ, కృష్ణానది సముద్రంలో కలిసేచోటా ఉంటుంది.

ఇది మన ఇంటి పిల్లికి దాదాపు రెండింతలు. బూడిదరంగు ఒంటి మీద నల్లని మచ్చలు, పొట్టి తోక. వేళ్ల మధ్య కొంతమేర పలచని చర్మం. ఒత్తయిన బొచ్చు ఉండటంతో నీళ్లు ఒంటిదాకా పోవు. రాత్రిపూట గట్టున ఓపిగ్గా కూర్చుని, చేప దగ్గరికి రాగానే లాగేస్తుంది. పీతల్నీ, ఎలుకల్నీ కూడా తింటుంది.

మరి దీనికొచ్చిన కష్టం ఏమిటంటారా? ఆటుపోట్లు వచ్చిపోయే బురదనేలలోని మడచెట్లే దానికి నీడ. వాటిని నరికి చాలాచోట్ల రొయ్యల చెరువులు, చేపల చెరువులు తవ్వేశారు. చోటు పోయిన పిల్లి చెరువుగట్టుకు వస్తే, దొంగపిల్లని కొట్టి చంపుతారు. నిజానికి చట్టం దీనికి పులితో సమానంగా రక్షణ ఇచ్చింది. కోరింగను 1978లోనే అభయారణ్యం చేశారు.

"పిల్లి పోతే మనకేం?" అనుకోకండి. ఆ మడచెట్ల వేళ్ల మధ్యనే రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరిగి పెద్దవవుతాయి. మన వంటింట్లోని ఇగురుకీ, పులుసుకీ పుట్టిల్లు అదేనన్నమాట! తుపాను వేళ అలల జోరు తగ్గించి ఊళ్లను కాసేవి కూడా ఆ చెట్లే.

ఆ వైపు ఊళ్లలో ఉన్న అక్కచెల్లెళ్లకో మాట. పొదల్లో మచ్చల పిల్లికూనలు కనిపిస్తే ముద్దొస్తున్నాయని ఇంటికి తెచ్చుకోకండి. తల్లి వేటకెళ్లి ఉంటుంది, తిరిగొస్తుంది. వాటికి దెబ్బ తగిలితే అటవీశాఖ వారికి కబురు చేయండి. కోళ్లగూడు తలుపు రాత్రిళ్లు గట్టిగా బిగించండి. ఇంట్లో మగవాళ్లు గట్టు మీద ఉచ్చు పెడతామంటే వద్దని చెప్పండి.

పులుసు పెట్టిన రోజున మన పిల్లికి ఓ ముక్క వేస్తాం కదా! ఆ పిల్లమ్మకు మనమేమీ పెట్టనక్కర్లేదు. దాని అడవిని దానికి ఉంచితే చాలు, దాని చేప అదే పట్టుకుంటుంది.